ఉప్పుగాలిలో నాలుగు గాజులు

బందరు వెళ్లివచ్చి పన్నెండు రోజులైంది. నా తెల్లకోటు మూడుసార్లు ఉతికించాను. కాలరు దగ్గర ఉప్పు చార ఇంకా వదల్లేదు. "సముద్రం పక్కన కదండీ, హాయిగా ఉంటుంది" అని వైశాఖమాసంలో నన్ను అటు తోలిన మా ఊరి పోస్టుమాస్టరుగారు ఇప్పుడు నేను ఎదురైతే పక్క సందులోకి తిరుగుతున్నారు. విచారిస్తే ఆయన బందరు ఎన్నడూ చూడలేదట. చూడనివాళ్ల మాట నమ్మి ఇంకెవరూ బయలుదేరకూడదనే ఇది రాస్తున్నాను.

అయితే మేము గాలి కోసం వెళ్లలేదు. పామర్రులో మా ఆవిడ రాజ్యలక్ష్మి అక్కగారి కొడుకు పెళ్లి. ఆ ఇంట జరిగిన మొదటి పెళ్లికి రాజ్యానికి జ్వరమని ఉత్తరం రాశాం. రెండో పెళ్లికి నాకు జ్వరమని రాశాం. అసలు సంగతి ఆమె చేతులకు మట్టిగాజులు తప్ప మరేమీ లేకపోవడం. జమీందారీలు పోయి మా ఎస్టేటు రద్దయ్యాక పదిహేనేళ్లు నడిచిన దావాలో ఆమె నగలు ఒక్కొక్కటే నడుచుకుంటూ వకీళ్ల ఇళ్లకు వెళ్లిపోయాయి. ఇది మూడో పెళ్లి, ఆ ఇంట్లో ఆఖరిది. శుభలేఖ వచ్చిన రోజు రాజ్యం ఒకే మాట అంది.

"చిలకలపూడి గాజులు నాలుగు కొనిపెట్టండి, వస్తాను. లేకపోతే ఈసారి జ్వరం ఎవరికో మీరే ఆలోచించుకోండి."

చిలకలపూడి బందరుకు ఆనుకుని ఉంది, సముద్రానికి పోయే దారిలో. అక్కడ రాగి మీద పల్చటి బంగారు రేకు అద్ది నగలు చేస్తారు. లోకం వాటిని రోల్డుగోల్డు అంటుంది. మా ఇంట్లో గిల్టు అంటాం. నేను బతికుండగా అది మా గడప దాటి రాదని ఒకసారి పదిమందిలో అన్నాను కూడా. అన్నవాణ్ణే గొడుగు, సంచీ పట్టుకుని బయలుదేరాను. అక్కచెల్లెళ్లు ముఖాలు చూసుకుని పదకొండేళ్లయింది మరి.

బెజవాడ

మా అరిగెపల్లి నుంచి తిరువూరు, అక్కడి నుంచి ఎర్రబస్సులో బెజవాడ. బెజవాడ ఎండ గురించి కొత్తగా చెప్పవలసింది లేదు. పగలంతా కొండ కాగుతుంది, కాగినదంతా ఊరి మీదికి ఊదుతుంది. స్టేషను ఎదుట కాఫీహోటల్లో కూర్చుని పావుగంట ఎదురుచూశాను. ఎవరూ వచ్చి ఏం కావాలని అడగలేదు. చివరికి రాజ్యమే చెప్పింది, ముందు గల్లా దగ్గర డబ్బు కట్టి టోకెను తెచ్చుకోవాలని. తాగకముందే డబ్బు పుచ్చుకోవడమంటే, తాగి పారిపోతాడని అనుమానించడమే. ఆ మాట గల్లా దగ్గరి మనిషితో అన్నాను.

"కరెక్టేనండి మాస్టారూ, రోజుకు నలుగురు పారిపోతున్నారు" అన్నాడు. కాఫీ నలభై పైసలు. బాగానే ఉంది, చెప్పకపోతే అన్యాయం.

మాస్టారు అన్నాడు చూశారా, ఆ పిలుపు ఆ నాలుగు రోజులూ నన్ను వదల్లేదు. తెల్లకోటు, గొడుగు, వంగని వీపు కలిస్తే ఈ దేశంలో బడిపంతులేనని అందరూ తీర్మానించుకున్నారు. బందరు రైల్లో ఎదుటి బల్ల మీద కూర్చున్న గుడివాడ రైతు నన్ను కాసేపు పరిశీలనగా చూశాడు.

"జీతమెంత వస్తందండీ మాస్టారూ?"

"నాకు జీతం లేదు" అన్నాను.

ఆయన ముఖం జాలితో నిండిపోయింది. "అయ్యో, ఎయిడెడ్ స్కూలా అండీ? మా తోడల్లుడిదీ అదే బాధ. ఏడు నెలలైంది" అని తన మామిడిపండ్లలో రెండు నా చేతిలో పెట్టాడు. రాజ్యం కిటికీ వైపు తిరిగింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని తెలుసు. పండ్లు తిరిగి ఇవ్వబోతే ఆ రైతు మరింత జాలిగా చూశాడు. తినక తప్పలేదు.

బందరు

మాది మెట్ట. మా ఊళ్లో ఎండ కొడుతుంది. కొట్టి పోతుంది, నీడలోకి వెళితే వదిలేస్తుంది. బందరులో ఎండ కొట్టదు, అంటుకుంటుంది. నీడలోకి వెళితే వెంటవస్తుంది. మంచం ఎక్కితే పక్కన పడుకుంటుంది. లాడ్జీలో స్నానం చేసి తుడుచుకునేలోపలే మళ్లీ స్నానం కావలసివచ్చింది. అగ్గిపుల్లలు ఆరు గీస్తే ఒకటి వెలిగింది. పొద్దున వచ్చిన దినపత్రిక మధ్యాహ్నానికి తడిగుడ్డలా వేలాడింది. హోటల్లో విస్తట్లో వేసిన అప్పడం నేను పప్పు కలుపుకునే లోపల మెత్తబడి ముడుచుకుంది. వడ్డించే అతణ్ణి పిలిచి చూపించాను.

"ఇక్కడ అప్పడం ముందు తినాలండి. పప్పు ఎక్కడికీ పోదు" అన్నాడు.

బందరు హల్వా తిన్నాం. ఆ ఊరి గాలికి లొంగని పదార్థం అదొక్కటే. ముందే మెత్తగా, జిడ్డుగా ఉంటుంది కాబట్టి దాన్ని ఇంకేమీ చేయలేదు.

చిలకలపూడి వీధి

మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసి చిలకలపూడి వెళ్లాం. వీధి మొదట్లో రిక్షా దిగాం. నగల దుకాణాలన్నీ ఒకే వీధిలో ఎదురెదురుగా ఉంటాయి. ముందు గది అంగడి, వెనక గది పనిశాల. అరుగుల మీద ఆడవాళ్లు తీగలు అల్లుతూ, రాళ్లు పొదుగుతూ ఉంటారు. ఈ చివర నుంచి ఆ చివరకు ఒక చుట్ట కాల్చేంతసేపట్లో నడిచిపోవచ్చు. సముద్రం అక్కడికి కొన్ని మైళ్లు. గాలికి మాత్రం ఆ దూరం లెక్కలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఇంట్లో ఎవరూ నగల కోసం బజారులో నడవలేదు. షరాబు మూట తీసుకుని మా హాల్లోకి వచ్చేవాడు. జంపఖానా మీద పరిచేవాడు. మా నాన్నగారు చూసేవారు. ధర అన్న మాట వినపడేది కాదు. దుకాణం మనిషి దగ్గరికి రావాలి గాని మనిషి దుకాణం దగ్గరికి పోవడమేమిటని నేను చాలాకాలం నిజంగానే అనుకున్నాను. కాబట్టి ఆ వీధిలో మొదటి అడుగు వేయడానికి నాకు కొంత సమయం పట్టింది.

వేశాను. అప్పుడే ఎక్కడో ఒక గొంతు అరిచింది: "గాలి తిరిగిందర్రా."

మొదటి దుకాణం తలుపు నా ముఖం మీదే మూసుకుంది. రెండోది నేను దగ్గరికి వెళ్లేలోపల మూసుకుంది. మూడోది, నాలుగోది, ఎదుటి వరసలో ఐదారు టపటపా మూతపడ్డాయి. కిటికీలు కూడా. ఒక నిమిషంలో వీధి మొత్తం కళ్లు మూసుకుంది. నా పేరు, వచ్చిన పని వీళ్లకు ఎలా తెలిసిందో అర్థం కాక గొడుగు కర్ర గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

"చూశావా? మనం ఎవరమో తెలిసి మూస్తున్నారు" అన్నాను.

"మనం ఎవరమో రిక్షావాడికే తెలియలేదండీ" అంది రాజ్యం.

మిగిలిన ఒక అరుగు మీద ఒక ముసలావిడ ఎర్రరాళ్లు పళ్లెంలోంచి ఏరి డబ్బాలో వేస్తోంది. "గాలికి మంట నిలవదు బాబూ. రేకు లేచిపోద్ది" అంది. "సముద్రపుగాలి వచ్చిందంటే తలుపులన్నీ బిగించుకుని లోపల పనిచేస్తారు. బేరాలు దీపాలు పెట్టే వేళకే. కూకోండి."

అంటే, ఊరంతా ఆ గాలి కోసం పొద్దుటి నుంచి ఉడికిపోతూ ఎదురుచూస్తుంది. తీరా వస్తే ఈ వీధి తలుపులు వేసుకుంటుంది. లోపల కుంపట్లు, ఊదుగొట్టాలు, ఆమ్లం కంపు. మూసిన తలుపుల వెనక నుంచి చిన్న సుత్తుల చప్పుడు వినిపిస్తుంది. బయట మాకు మాత్రం గాలి పుష్కలంగా దొరికింది. అందులో ఇసుక, ఉప్పు, ఎక్కడో ఆరబెట్టిన చేపల వాసన సమపాళ్లలో ఉన్నాయి.

రాజ్యం అరుగెక్కి కూర్చుంది. పది నిమిషాల్లో ఎర్రరాళ్లు ఏరుతోంది. అరగంటలో ఆ ముసలావిడ కోడలి కాన్పు సంగతి మొత్తం తెలుసుకుంది. నన్ను కూడా కూర్చోమని ముసలావిడ నాలుగుసార్లు అంది. పరాయివాళ్ల అరుగుల మీద కూర్చునే అలవాటు మాకు లేదు. ఐదోసారి అంటే కూర్చుందామనుకున్నాను. ఐదోసారి అనలేదు. మూడు గంటలు నిలబడ్డాను.

వెంకటరత్నంగారి అంగడి

దీపాలవేళ తలుపులు తెరుచుకున్నాయి. ముసలావిడ చెప్పిన అంగడికి వెళ్లాం. యజమాని వెంకటరత్నం బనీనుతో, మెడలో తువ్వాలుతో, లోపలి కుంపటి ముందు నుంచి అప్పుడే లేచివచ్చాడు. ఒళ్లంతా నూనె పోసినట్టు చెమట. నేను కుర్చీలో కూర్చుని అతను పరిచి చూపించడం కోసం ఎదురుచూశాను. అతను నేను అడగడం కోసం ఎదురుచూశాడు. ఈ మౌనం ఎంతసేపు సాగేదో గాని రాజ్యం కలగజేసుకుంది.

"గాజులు నాలుగండి. మరీ మెరిసేవి వద్దు."

"కొలతెంతండి?" అని అతను నన్నే అడిగాడు. ముప్పై రెండేళ్ల కాపురంలో నా భార్య గాజుల కొలత నాకు తెలియదని ఆ అంగట్లో నిండుగా ఉన్న జనం ముందు తేలింది. రాజ్యం చేయి చాపింది. అతను చూసి, ఒక్క మాట లేకుండా సరిగ్గా సరిపోయేవి తీశాడు. సన్నటి తీగ అల్లిక, రెండంచులా చిన్న చుక్కలు. ఆమె తొడుక్కుని చేయి దీపం కిందికి పెట్టింది. పాతికేళ్ల కిందటి గాజులు ఎలా ఉండేవో నాకు గుర్తుంది. ఇవి వాటిలా లేవు. కాని ఆ చేయి అలాగే ఉంది.

నాలుగూ ఇరవై రెండు రూపాయలు. ఇచ్చాను. వెంకటరత్నం ఒక చీటీల పుస్తకం తీశాడు.

"ఐదేళ్లు గ్యారంటీ అండి. రంగు పోతే తెచ్చివ్వండి, మార్చిస్తాం. పేరు, ఊరు చెప్పండి."

నా పక్కన నలుగురు ఆడవాళ్లు, వెనక ఇద్దరు మగవాళ్లు ఉన్నారు. వాళ్లలో తిరువూరు వైపువాడు ఒక్కడున్నా చాలు, రేపటికల్లా ఈ సంగతి మా తాలూకా అంతా అల్లుకుంటుంది.

"సుబ్బారావు. కంకిపాడు" అన్నాను.

రాజ్యం నా వైపు చూసింది. అతను రాసి, చింపి ఇచ్చాడు. బయటికి వచ్చాం. వీధి చివరిదాకా ఆమె నాకన్నా రెండడుగులు ముందు నడిచింది. రిక్షా ఎక్కాక అడిగింది.

"మీరు కంకిపాడు సుబ్బారావుగారైతే, నేనెవర్నండీ?"

ఏదో చెప్పబోయాను.

"గాజులకు సిగ్గుపడ్డారో, అవి తొడుక్కున్నదానికి సిగ్గుపడ్డారో చెప్పండి చాలు."

రిక్షావాడు తొక్కుతూనే చెవి ఇటు పెట్టాడు. నేను అతణ్ణి తొందరగా తొక్కమన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

మంగినపూడి తీరం

పెళ్లికి ఇంకా రెండు రోజులుంది. ఇంతదూరం వచ్చి సముద్రస్నానం చేయకుండా పోకూడదని లాడ్జీవాడు చెప్పాడు. రాజ్యం సముద్రం ఎన్నడూ చూడలేదు. జట్కా మాట్లాడుకుని మర్నాడు పొద్దున్నే మంగినపూడి వెళ్లాం. జట్కా మూడు రూపాయలు, నడుముకు జరిగిన నష్టం వేరు.

ఆ తీరంలో ఇసుక తెల్లగా ఉంటుందనుకుని వెళ్లకండి. నల్లటి మెత్తటి మట్టి, కాలు పెడితే చీలమండ దాకా దిగుతుంది. నా బూటు ఒకటి అందులో ఉండిపోయింది. దాన్ని తవ్వితీసిన బెస్తావిడ తట్ట పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది.

"బూట్లేసుకుని సముద్రానికెవరొత్తారు మాస్టారూ?" అని, రాజ్యం వైపు తిరిగింది. "దా తల్లీ, నేను చెయ్యి పట్టుకుంటా. ఆ గాజులు తీసి ఆయనకియ్యి. చిలకలపూడియ్యేగా? ఉప్పునీళ్లు తగిలితే మూణ్ణాళ్లు."

"మరి మీ కమ్మలు?" అంది రాజ్యం. ఆవిడ చెవులకు ఎర్రరాయి కమ్మలు తళతళలాడుతున్నాయి.

"ఇయ్యా? అసలు బంగారం తల్లీ. మా పనికి గిల్టు ఆగదు. కట్టమైనా ఇదే పెట్టుకోవాల. మీ నీడపట్టునుండేవోళ్లకైతే గిల్టు చెల్లుద్ది."

నేను ఆకాశం వైపు చూశాను. ఆకాశంలో కూడా చూడడానికి ఏమీ లేదు.

అలా, బురదతో నిండిన బూటు ఆ తట్ట పక్కన వదిలేసి, అరిగెపల్లి ఎస్టేటు వారసుడు ఒంటి బూటుతో, ఒక చేతిలో నాలుగు గిల్టు గాజులతో, రెండో చేతిలో గొడుగుతో బంగాళాఖాతం ముందు నిలబడ్డాడు. గొడుగు ఎంతోసేపు గొడుగుగా లేదు. ఒక్క విసురుకు పైకి తిరగబడి గరాటా అయింది. నీళ్లలో రాజ్యం నవ్వు వినిపించింది. ఆ బెస్తావిడ చేయి పట్టుకుని, అల వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఎగురుతున్నారు. ఆ నవ్వు విని ఎన్నేళ్లయిందో లెక్కవేయడం మొదలుపెట్టి, మానేశాను.

ఒడ్డుకు వచ్చాక మాత్రం ఆమె నా ముఖం చూడకుండా గాజులు తీసుకుంది.

చింతపండు

ఇప్పుడు రాసేది దాచవచ్చు. దాచితే ఈ రాతకు అర్థం లేదు.

నా చేతి చెమటకు, సముద్రపు తుంపరకు గాజులు జిడ్డుకట్టాయి. సాయంత్రం రాజ్యం బట్టలు ఆరవేస్తోంది. మా ఇంట్లో కొత్త బంగారం వస్తే ఒక పద్ధతి ఉంది. దాన్ని నౌకర్లకు ఇవ్వరు. ఇంటి యజమాని స్వయంగా కుంకుడు రసంలో కడిగి, చింతపండు పులుసులో నానబెట్టి, తెల్లవారి దేవుడి ముందు పెట్టి అప్పుడు ఆడవాళ్ల చేతికి ఇస్తాడు. మా నాన్నగారు అలా చేయడం చూశాను. నేను ఎన్నడూ చేయలేదు. నా చేతి మీదుగా ఇంట్లోకి బంగారం రాలేదు, పోయింది. అడిగిన మాటకు రిక్షాలో జవాబు చెప్పలేకపోయినవాణ్ణి, ఇదైనా చేద్దామనిపించింది. లాడ్జీ వంటింట్లో కుంకుళ్లు, చింతపండు అడిగి తెచ్చుకున్నాను. ఇత్తడి గిన్నెలో వేసి మూతపెట్టాను.

పొద్దున మూత తీస్తే గిన్నె, గాజులు ఒకే రంగులో లేవు. గిన్నె పసుపుగా మెరుస్తోంది. గాజులు ఎర్రగా, కొత్తగా తోమిన రాగిచెంబులా ఉన్నాయి. ఒకదానికి అంచున సన్నటి చారంత బంగారు రంగు మిగిలింది. వేలితో తాకితే అదీ ఊడింది.

రాజ్యం వచ్చి గిన్నెలోకి చూసింది.

"చింతపండా?"

"మా నాన్నగారు..."

"నాకు తెలుసు. మామగారు నా గాజులు కూడా అలాగే ఇచ్చారు" అంది. గాజులు గిన్నెలోంచి తీయలేదు. మంచం మీద కూర్చుని, పెట్టెలో పైన మడిచి ఉన్న పెళ్లిచీర తీసి అడుగున పెట్టింది. "అక్కకు టెలిగ్రాం ఇవ్వండి. ఈసారి నాకే జ్వరమని చెప్పండి. మీ వంతు పోయినసారి అయిపోయింది."

పెళ్లి ఆ సాయంత్రమే. ఎనిమిదిన్నర అయింది. గాజులు రుమాలులో కట్టుకుని బయలుదేరాను. రిక్షా కోసం ఆగలేదు. బందరు నుంచి చిలకలపూడి దాకా, వీధిలో కూడా, నడిచాను.

గాలి తిరగకముందు

వెంకటరత్నం రుమాలు విప్పి చూసి నోరు తెరిచాడు.

"ఇదేం రోగమండీ వీటికి? మొన్ననేగా తీసుకెళ్లారు."

"చింతపండులో నానబెట్టాను."

అంగట్లో ఇద్దరు ఆడవాళ్లు ఒకర్నొకరు చూసుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెనక గదిలోంచి ఎవరో "చింతపండా, పులుసు పెట్టుకుందామనా?" అన్నారు.

"బంగారమనుకున్నారా మాస్టారూ?" అన్నాడు వెంకటరత్నం.

"మాకు ఇంకోటి కడిగే అలవాటు లేదు" అన్నాను. "తప్పు నాది. మీ గ్యారంటీ దీనికి వర్తించదని తెలుసు. కొత్తవి కొంటాను. ఈ సాయంత్రం పామర్రులో పెళ్లికి ఆమె ఇవి తొడుక్కుని వెళ్లాలి."

అతను నవ్వడం ఆపాడు. "ఈ కొలతలో ఈ రకం ఇంకో జత లేదండి. వీటికే మళ్లీ రేకు వేయాలి. వేస్తాను. కాని గాలి తిరిగేలోపల అవ్వాలి. మా వెనకగది తలుపు చెక్క చీలింది, వడ్రంగి రేపొస్తానన్నాడు. గాలొస్తే ఆ చీలికలోంచి సూటిగా మంట మీదికే వస్తది. ఒంటిగంటదాకా రాకపోతే బతికాం."

ఆ రోజు గాలి పదకొండున్నరకే వచ్చింది. నాలుగు రోజుల్లో నేను దాన్ని కోరుకున్న ప్రతి గంటా రానిది, వద్దనుకున్న ఒక్క గంటకు ముందుగా వచ్చింది. "గాలి తిరిగిందర్రా" అన్న కేక వినపడేసరికి రెండు గాజులు అయ్యాయి. వీధిలో తలుపులు మూతపడుతున్నాయి. వెనకగదిలో తలుపు చీలిక ఈలవేయడం మొదలుపెట్టింది. ఊదుగొట్టం చివర మంట పక్కకు వాలిపోయింది. వెంకటరత్నం గోనె అడ్డంపెట్టాడు. నిలవలేదు. అతను నన్ను కిందినుంచి పైకి చూశాడు.

"మాస్టారూ, మరోలా అనుకోకండి. ఆ తలుపుకు ఆనుకుని కాస్త నిలబడతారా? మీ వీపైతే నిటారుగా ఉంది. చీలికకు సరిపోద్ది."

నిలబడ్డాను. చీలిక మెడ నుంచి నడుము దాకా సరిగ్గా వచ్చింది. ముందు కుంపటి సెగ, వెనక సముద్రం తోస్తోంది. కోటు వీపుకు అతుక్కుంది. కంటిలోకి చెమట కారుతున్నా చేయి ఎత్తవద్దన్నాడు, కదిలితే గాలి దూరుతుందని. "మొక్కజొన్నపొత్తు కాలినట్టు కాలిపోతున్నారే పాపం" అన్నాడు వెనకగదిలో పనిచేసే అతను. వంగకూడదని మా నాన్నగారు నేర్పిన వీపు ఇన్నేళ్లలో ఒక పనికి వచ్చింది అక్కడే. గంటంపావు నిలబడ్డాను. నాలుగో గాజు నీళ్లలో వేయగానే సుయ్యిమన్న చప్పుడు విన్నాకే పక్కకు జరిగాను.

వెంకటరత్నం గాజులు తుడిచి ఇచ్చాడు. కూలి తీసుకోనన్నాడు. బలవంతంగా ఇచ్చాను. చీటీల పుస్తకం తీశాడు.

"పాత చీటీ చెల్లదండి. కొత్తది రాస్తాను. అదే పేరేనా, కంకిపాడు సుబ్బారావుగారేనా?"

గాలికి తలుపు మూయగా లోపల ఉండిపోయినవాళ్లతో కలిపి అంగట్లో అప్పటికి ఎనిమిదిమంది ఉన్నారు.

"కాదు" అన్నాను. "అరిగెపల్లి వీరరాఘవ జగన్నాథరావు బహద్దూర్."

గట్టిగానే అన్నాను. ఒక్క తల తిరగలేదు. ఒకామె జుంకీల బేరం ఆపకుండా సాగిస్తోంది. వెంకటరత్నం కలం ఆపి, "కాస్త నిదానంగా చెప్పండి. బహద్దూరు ఇంటిపేరాండి?" అన్నాడు.

"కాదు."

"ఊరు?"

"అరిగెపల్లి."

"ఎక్కడండి అది?"

"తిరువూరు తాలూకా" అన్నాను. అతను తలూపి రాసుకున్నాడు. ఆ వైపు ఒక బంధువు ఉన్నాడట, కరెంటాఫీసులో. మొన్న ఈ పేరు ఎవరి నుంచి దాచానో నాకు ఇప్పటికీ తెలియదు.

లాడ్జీకి వచ్చి గాజులు, చీటీ రాజ్యం ముందు పెట్టాను. ఆమె ముందు చీటీయే తీసింది. చదివింది.

"ఇంత పొడుగు పేరు ఇంత చిన్న కాగితంలో ఎలా పట్టించాడండీ?" అంది. తరవాత నా కోటు వెనక వైపు చూసి, ఏమైందని అడిగింది. చెప్పాను. పెట్టె తెరిచి, అడుగునుంచి పెళ్లిచీర తీసింది.

పామర్రు

బస్సులో నిలబడే వెళ్లాం. గోధూళివేళ ముహూర్తం, మేము చేరేసరికి మేళం మొదలైంది. రాజ్యం అక్కగారు పందిట్లో అందరినీ తోసుకుంటూ వచ్చి చెల్లెల్ని పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు, తరవాత ఒకరి జుట్టు ఒకరు చూసుకుని నెరిసిందని నవ్వుకున్నారు. పదకొండేళ్ల మాటలు ఆ రోజే అవ్వాలన్నట్టు మాట్లాడారు.

భోజనాల దగ్గర పెళ్లికూతురి మేనత్త రాజ్యం చేయి పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. నేను రెండు బారల దూరంలో కూర్చున్నాను. కలిపిన పప్పుముద్ద విస్తట్లోనే పెట్టేశాను.

"బాగున్నాయే గాజులు. ఎక్కడ చేయించారు?"

"చేయించలేదండి, కొన్నాం. చిలకలపూడివి" అంది రాజ్యం, అప్పడం విరుస్తూ. "రెండోసారి రేకు ఈయన దగ్గరుండి వేయించారు."

మేనత్తగారు నా వైపు తిరిగారు. "అన్నయ్యగారూ, మా అమ్మాయికి కూడా ఇలాంటివే తీసుకోవాలండి. అక్కడ తెలిసినవాళ్ల పేరు చెబితే కాస్త తగ్గిస్తారంటారు. మీ పేరు చెప్పొచ్చాండి?"

ఆమె దగ్గర కాగితం లేదు. నా జేబులోని శుభలేఖ తీసి, వెనక వైపు రాసి ఇచ్చాను. ఇంటిపేరుతో సహా, బహద్దూర్‌తో సహా మొత్తం రాశాను. కింద ఊరు, తాలూకా ఎవరూ అడగకుండానే రాశాను.